బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరం: తొలినాటి క్లైంబింగ్ రూట్‌ను ఫొటో తీయడం

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం నడిమధ్యన, క్రూకెడ్ నది వంపు తిరిగే చోట స్మిత్ రాక్ అనే కొండల గుంపు ఉంది. సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతం కక్కిన బూడిద వేడికి అతుక్కుపోయి గట్టిపడిన రాయి అది. అక్కడ డైహెడ్రల్స్ అనే భాగంలో కత్తి అంచులా లేచిన ఒక రాతి అంచు, దాని పైన ఇంటి చూరులా బయటికి పొడుచుకొచ్చిన బండ కనిపిస్తాయి. 1983లో క్లైంబర్ అలన్ వాట్స్ ఆ అంచు పట్టుకుని, చూరు దాటి ఎక్కాడు. ఆ రూట్, అంటే ఎక్కే దారి, పేరు చైన్ రియాక్షన్. కష్టం లెక్కలో 5.12సి; ఈ అమెరికా లెక్కలో అంకె పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. పొడవు పెద్దగా ఏమీ లేదు. కానీ క్లైంబింగ్ పత్రికల ముఖచిత్రాల మీదికి ఎక్కిన దాని ఫొటోలు చూసి యూరప్ నుంచి కూడా క్లైంబర్లు స్మిత్ రాక్‌కి వచ్చారు. 1986లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ బాప్టిస్ట్ త్రిబు అక్కడే టు బోల్ట్ ఆర్ నాట్ టు బి అనే రూట్ ఎక్కాడు. అమెరికాలో 5.14 స్థాయికి చేరిన తొలి రూట్ అదే.

చైన్ రియాక్షన్ ఫొటోలంటే ఎవరికైనా గుర్తొచ్చే ఫ్రేమ్ దాదాపు ఒకటే: పక్క నుంచి తీసిన రాతి అంచు, చూరు కింద వేలాడే శరీరం, వెనక ఖాళీ. అందమైన ఫ్రేమే, సందేహం లేదు. నలభై ఏళ్లు దాటినా జనం అదే చోట నిలబడి అదే ఫ్రేమ్ మళ్లీ తీస్తున్నారు. అయితే ఆ ఫొటోల్లో చాలావాటిలో బోల్టులు కనిపించవు. కనిపించినా చుక్కల్లా ఉంటాయి. ఆ రూట్‌కి చరిత్రలో చోటు దక్కింది బోల్టుల వల్లే. వాటిని రాతిలో ఎక్కడ దించారు, ఒకదానికీ ఇంకోదానికీ ఎంత ఎడం వదిలారు, ఏ పద్ధతిలో దించారు అన్నదే దాని కథ. తొలినాటి బోల్టు రూట్‌ను ఫొటో తీయాలంటే మనిషిని ఎంత శ్రద్ధగా చూపిస్తారో, ఆ ఇనుప ముక్కల్నీ, వాటి మధ్య దూరాన్నీ అంత శ్రద్ధగా చూపించాలి. కష్టమంతా అక్కడే ఉంది.

బోల్టు అంటే రాతిలో రంధ్రం చేసి లోపల బిగించే లోహపు మేకు. దాని తలకు హ్యాంగర్ అనే కన్నం ఉన్న రేకు ఉంటుంది. ఎక్కేవాళ్లు ఆ కన్నంలో క్విక్‌డ్రా (రెండు కొసలా కొక్కేలున్న చిన్న పట్టీ) తగిలించి, దాని రెండో కొక్కెంలో తాడు వేస్తారు. పడితే తాడు అక్కడ ఆపుతుంది. అమెరికాలో వీటిని ఎక్కడానికి వాడిన తొలి పెద్ద సందర్భం 1939 అక్టోబరులో న్యూ మెక్సికోలోని షిప్‌రాక్. క్లైంబర్ డేవిడ్ బ్రోవర్ బృందం అక్కడ కొన్ని బోల్టులు దించింది. అది నవాహో అనే అమెరికా ఆదివాసులకు పవిత్రమైన కొండ. ఇప్పుడు అక్కడ ఎక్కడం నిషేధం. కాబట్టి ఆ బోల్టుల్ని దగ్గర నుంచి ఫొటో తీద్దామన్న ఆశ ఎవరూ పెట్టుకోకూడదు. స్మిత్ రాక్‌లోనే ఉన్న మంకీ ఫేస్ అనే రాతి స్తంభాన్ని 1960లో తొలిసారి ఎక్కినప్పుడూ బోల్టులే ఆధారం. అయితే అవి నిచ్చెన మెట్లలా దగ్గర దగ్గరగా, పట్టుకుని వేలాడుతూ పైకి పోవడానికి దించినవి. ఆ తర్వాతి తరం బోల్టుల పని వేరు. ఎక్కడం చేతులతో, కాళ్లతోనే జరుగుతుంది. బోల్టు మీద బరువు పడేది పడినప్పుడే. దగ్గరగా ఉంటే నిచ్చెన, దూరంగా ఉంటే రక్షణ. లోహం అదే అయినా అర్థం మారిపోయింది. ఈ తేడా తెలియని ఫొటోగ్రాఫర్‌కి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బోల్టు ఎక్కడుందన్నది అది ఎలా వచ్చిందో చెబుతుంది. కింది నుంచి ఎక్కుతూ దించిన బోల్టులు సాధారణంగా కాళ్లకు కాస్త ఆనుకునే చోటు దొరికిన దగ్గర ఉంటాయి. ఒక చేత్తో రాయి పట్టుకుని, రెండో చేత్తో డ్రిల్ తిప్పుకోవాలంటే నిలబడే చోటు కావాలి కదా. అలాంటి చోటు లేకపోతే బోల్టూ లేదు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో, టువాలమీ మెడోస్ ప్రాంతపు మెడ్లికాట్ డోమ్ మీద 1981లో జాన్ బాకర్, డేవ్ యెరియన్ వేసిన రూట్ దీనికి పరాకాష్ఠ. సుమారు 150 మీటర్ల ఎత్తుకు బోల్టులు పదమూడే. నిలబడే చోటు దొరకని దగ్గర బాకర్ రాతి బొడిపెలకు చిన్న కొక్కేలు తగిలించి, వాటి మీద వేలాడుతూ రంధ్రాలు చేశాడు. స్మిత్ రాక్‌లో వాట్స్ దీనికి తలకిందుల పద్ధతి పట్టాడు. పై నుంచి తాడు మీద దిగి, ఊడిపోయే పెచ్చుల్ని రాల్చి, ఏ కదలిక ఎక్కడ వస్తుందో ముందే చూసుకుని బోల్టులు దించాడు. పగుళ్లు లేని నున్నటి ముఖాల మీద కూడా దారులు తెరుచుకున్నది అందువల్లే. ఆ రోజుల్లో దీన్ని మోసం అన్నవాళ్లు ఉన్నారు. అమెరికాలో కొన్ని చోట్ల ఒకరు దించిన బోల్టుల్ని మరొకరు విరగ్గొట్టేదాకా ఆ గొడవ పోయింది.

ఇవన్నీ తెలిస్తే ఫొటో తీయాల్సిన క్షణం కూడా మారుతుంది. మామూలుగా అందరూ కాచుకునేది అతి కష్టమైన కదలిక కోసం, చేయి పూర్తిగా చాచి గాల్లోకి వెళ్లే క్షణం కోసం. తొలినాటి రూట్‌లో అంతకంటే ఎక్కువ చెప్పే క్షణాలు రెండున్నాయి. ఒకటి, బోల్టుకు తాడు తగిలించే క్షణం: ఒక చేయి రాతిని పట్టుకుని ఉంటుంది, రెండో చేయి కింది నుంచి తాడు లాగుతుంది, చూపు హ్యాంగర్ మీద ఉంటుంది. ఆ ఒంటిచేతి నిలుపులోనే బోల్టు దించినవాడి అవస్థో, ముందుచూపో కనిపిస్తుంది. రెండోది, కింది బోల్టు కాళ్లకు చాలా దిగువన ఉండి, పై బోల్టు ఇంకా అందని క్షణం. క్లైంబర్లు రన్‌అవుట్ అనేది దీన్నే. బోల్టుకు మూడు మీటర్ల పైన ఉన్నవాళ్లు పడితే కనీసం ఆరు మీటర్లు పడతారు. తాడు సాగుడు, వదులు కలిస్తే ఇంకా ఎక్కువ. ఆ క్షణంలో మనిషి ముఖంలో టెన్షన్ దానంతటదే ఉంటుంది. నటించమని అడగక్కర్లేదు.

ఆ మూడు మీటర్లు ఫొటోలో మూడు మీటర్లలా కనిపించాలి. ఎక్కువమంది ఓడిపోయేది ఈ చోటే. నిట్టనిలువు గోడకు ఐదు మీటర్ల దూరంలో నేల మీద నిలబడి, పదిహేను మీటర్ల ఎత్తులో ఉన్న మనిషి వైపు కెమెరా ఎత్తారనుకుందాం. చూపు దాదాపు 70 డిగ్రీల వాలులో పైకి పోతుంది. ఆ వాలులో గోడ మీది మూడు మీటర్ల ఎడం ఒక్క మీటరంత కుదించుకుపోతుంది. భయంకరమైన ఖాళీ కాస్తా మామూలు మెట్టులా తేలిపోతుంది. పైగా కనిపించేది వీపు, బూటు అడుగులు మాత్రమే. అదే ముప్ఫై మీటర్లు వెనక్కి పోయి తీస్తే చూపు 24 డిగ్రీల వాలుకు తగ్గుతుంది, ఎడంలో తొంభై శాతం నిలుస్తుంది. దీనికి లెన్స్‌తో సంబంధం లేదు. కుదింపును తేల్చేది నిలబడిన చోటే, లెన్స్ ఆ చోటు నుంచి ఎంత మేర చూడాలో తేలుస్తుంది, అంతే. దూరం జరిగి 70-200 మిల్లీమీటర్ల లాంటి టెలి లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపేది) వాడటం మంచిదనడానికి కారణం ఇదే. ఎదురుగా కాస్త ఎత్తయిన గట్టో, పక్క బండో దొరికితే ఇంకా మేలు.

అలాంటి చోటు లేనప్పుడు తాడు మీద వేలాడాల్సిందే. పై నుంచి కూడా అదే కుదింపు జరుగుతుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. యాంకర్ (రూట్ పైన తాడు కట్టే ఆధారం) దగ్గర కూర్చుని నేరుగా కిందికి తీసిన ఫొటోలో ముఖం దొరుకుతుంది, చేతులు పెద్దగా కనిపిస్తాయి, నేల లోతు తెలుస్తుంది. బోల్టుల ఎడం మాత్రం పోతుంది. దానికన్నా రూట్‌కి పక్కగా మూడు నాలుగు మీటర్ల అవతల తాడు వేసుకుని, ఎక్కేవాళ్ల ఎత్తుకే దిగి, కొంచెం వెడల్పైన లెన్స్‌తో తీస్తే మనిషీ, కింది బోల్టూ, పై బోల్టూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి. ఎక్కేవాళ్ల శరీరమే కొలబద్ద అవుతుంది. ఇద్దరు మనుషుల పొడవంత ఖాళీ ఉందని చూసేవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తాడు మీద పనిచేయడానికి సాగని తాడు కావాలి, పడినప్పుడు సాగి ఆపే క్లైంబింగ్ తాడు ఇక్కడ పనికిరాదు. కెమెరా ఎక్కుపెట్టిన ప్రతిసారీ అది ఊగుతుంది. ఫొటోగ్రాఫర్ తాడుకు విడి యాంకర్ ఉండాలి. రూట్ యాంకర్‌ను పంచుకోవడం పద్ధతి కాదు, పాత బోల్టులైతే ప్రమాదం కూడా. తాడు రాతి అంచు మీద రాసుకునే ప్రతి చోటా కింద గుడ్డో, తొడుగో ఉండాలి. కెమెరా, లెన్స్, చివరికి లెన్స్ మూత కూడా ఒంటికి కట్టి ఉండాలి. కింద బిలేయర్, అంటే ఎక్కేవాళ్ల తాడు పట్టుకునే మనిషి, నిలబడి ఉంటారు. పదిహేను మీటర్ల ఎత్తు నుంచి జారిన లెన్స్ మనిషిని చంపగలదు. గాల్లో లెన్స్ మార్చకపోవడం అన్నిటికన్నా క్షేమం. ఒకే లెన్స్‌తో దిగి, దానికి తగ్గ ఫ్రేములే తీసుకోవాలి.

ఇంకో సంగతి ఉంది. ఫొటోగ్రాఫర్ తాడు ఎక్కేవాళ్ల చేతికి అందేంత దగ్గరలో వేలాడుతుంటే ఆ రూట్ స్వభావమే మారిపోతుంది. బోల్టుల మధ్య పదేసి మీటర్లు ఉండే రూట్‌లో, భయం వేస్తే పట్టుకోవడానికి పక్కనే ఒక తాడు ఉందన్న ధీమా చిన్నదేం కాదు. పడితే దెబ్బ తగలొచ్చు అన్నది ఆ రూట్ దించినవాళ్లు ఆలోచించి వదిలిన గుణం. దాన్ని చూపించడానికి వెళ్లి దాన్నే తీసేస్తే ఫొటోలో మిగిలేది ఆకారం మాత్రమే. ఇలాంటి రూట్ల దగ్గర ఎదుటి గట్టు మీద నుంచి, దూరంగా, టెలి లెన్స్‌తో తీయడమే న్యాయం. మనిషి చిన్నగా పడినా ఫరవాలేదు. అంత పెద్ద గోడలో అంత చిన్న మనిషి అన్నదే అక్కడ అసలు విషయం.

వాలును చూపించడంలో ఇంకో రకం తప్పు జరుగుతుంది. కెమెరాను కొద్దిగా పక్కకు వంచితే మామూలు నిలువు గోడ కూడా బయటికి వాలినట్టు కనిపిస్తుంది. ముఖచిత్రాల కోసం ఈ పని ఎంతోమంది చేశారు. కానీ బోల్టు రూట్‌లో నిజాన్ని పట్టించే సాక్షులు ఫ్రేమ్‌లోనే ఉంటాయి. తాడు వేయని క్విక్‌డ్రా నేరుగా భూమి వైపు వేలాడుతుంది, తాపీమేస్త్రి తూకపు గుండులాగే. చాక్ (చేతి చెమట పీల్చే తెల్ల పొడి) సంచి తాడు కొస, నడుముకు వేలాడే సామాను కూడా అంతే. అవి ఫ్రేమ్ అంచుకు సమాంతరంగా లేవంటే కెమెరా వంగిందన్నమాట. గాలి లేనప్పుడు ఈ లెక్క తప్పదు. నిజంగా బయటికి వాలిన గోడ అయితే క్విక్‌డ్రాలు రాతిని వదిలి గాల్లో వేలాడతాయి. కాబట్టి పై బోల్టుకు ముందే ఒక క్విక్‌డ్రా తగిలించి పెట్టి, దాన్ని ఫ్రేమ్‌లో ఉంచితే వాలు ఎంతో చెప్పడానికి మాటలు అక్కర్లేదు.

వెలుగు సంగతికి వస్తే, పాత ఫొటోల రంగూ రూపమూ ఎందుకు అలా ఉన్నాయో ముందు అర్థం చేసుకోవాలి. 1980ల ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్నది చాలావరకు స్లైడ్ ఫిల్మ్. బాగా వాడుకలో ఉన్న కొడాక్రోమ్ 64 ఫిల్మ్ వెలుగును పట్టే వేగం ఐఎస్‌ఓ 64 మాత్రమే. నిండు ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర ఉంటే సెకనులో 500వ వంతు షట్టర్ దొరుకుతుంది. కదిలే మనిషిని ఆపడానికి అది చాలు. నీడలోకి వెళ్తే వెలుగు మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకు పడిపోతుంది, షట్టర్ 60వ వంతుకు దిగుతుంది. తాడు మీద ఊగుతూ ఆ వేగంతో తీస్తే బొమ్మ చెదిరిపోతుంది. అందుకే ఆనాటి ఫొటోల్లో అంత ఎండ. క్లైంబర్లు కోరుకునేది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చల్లటి, పొడి రాతి మీదే వేళ్లు పట్టు నిలుపుకుంటాయి, ఎండలో చెమట పట్టి జారతాయి. ఫొటోల్లో కనిపించే ఎండకీ, ఆ రూట్లను నిజంగా ఎక్కిన నీడకీ మధ్య తేడా ఉందన్నమాట. ఇప్పటి కెమెరాలు ఐఎస్‌ఓ 1600 దగ్గర కూడా శుభ్రమైన బొమ్మ ఇస్తాయి. ఆ రూట్లు ఎక్కే అసలు వేళలో, నీడలో వాటిని తీసే వీలు మొదటిసారిగా చేతికొచ్చింది. పాత ఫొటోల్ని అనుకరిస్తూ ఎండ కోసం కాచుకునేవాళ్లు ఈ అవకాశాన్ని వదులుకుంటున్నారు.

ఎండలోనే తీయాలనుకుంటే కాలం చూసుకోవాలి. స్మిత్ రాక్ 44 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. జూన్ నెలాఖరులో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 69 డిగ్రీల ఎత్తుకు పోతాడు. చూరు కింద ఉన్న మనిషి ముఖం నల్లటి నీడలో మునిగిపోతుంది, పక్కనున్న రాయి తెల్లగా వెలిసిపోతుంది. డిసెంబరులో అదే సూర్యుడు 24 డిగ్రీలు దాటడు. వెలుగు గోడ లోపలికి, చూరు కిందికి కూడా చొరబడుతుంది. రాతి మీది బొడిపెలకు, అంచులకు నీడలు వచ్చి పట్టులు కనిపిస్తాయి. వసంతం, శరదృతువు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, రాతి పట్టు కూడా అప్పుడే బాగుంటుంది.

మనిషి లేని ఫొటోలు కూడా తీయాలి. ఈ మాట చాలామందికి రుచించదు, కానీ పాత రూట్ల విషయంలో ఇదే అన్నిటికన్నా తొందరైన పని. తొలినాటి బోల్టుల్లో ఎన్నో ఆరు మిల్లీమీటర్ల లావువి, చేత్తో సుత్తి కొట్టి చేసిన రంధ్రాల్లో దించినవి. వాటిని తీసేసి 10 లేదా 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు వేస్తున్నారు. అది జరగాల్సిందే, ప్రాణాలతో చెలగాటం కూడదు. అయితే పాత బోల్టు పోయాక అది ఎక్కడుండేది, దాని హ్యాంగర్ ఎలా ఉండేది, ఎంత తుప్పు పట్టింది అన్నవి తెలిపేది ఫొటో ఒక్కటే. కొత్త బోల్టు పాత రంధ్రంలోనే పడిందా, అరచేయంత పక్కకు జరిగిందా అన్న తగాదా వచ్చినప్పుడు ఆ ఫొటోయే సాక్ష్యం.

దానికి ప్రతి బోల్టునూ రెండు సార్లు తీయాలి. మొదటిది దగ్గరగా, సెన్సార్‌ను రాతికి సమాంతరంగా పెట్టి, పక్కనే మిల్లీమీటర్ల స్కేలు ఉంచి: హ్యాంగర్ మీది ముద్ర, బోల్టు తల ఆకారం, కింద కారిన తుప్పు చార, చుట్టూ లేచిన పెచ్చు అన్నీ పడాలి. రెండోది రెండు మీటర్లు వెనక్కి జరిగి, దగ్గరలోని రెండు మూడు గుర్తుపట్టగల పట్టులతో కలిపి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే ఆ బోల్టు ఏ రూట్‌లో ఎన్నోదో తర్వాత తీసినవాళ్లకే గుర్తుండదు. వెలుగు పక్క నుంచి, రాతిని రాసుకుంటూ రావాలి, అప్పుడే సుత్తి దెబ్బల గుర్తులు లేస్తాయి. ఫ్లాష్ ఎదురుగా కొడితే అన్నీ చదునైపోతాయి. హ్యాంగర్ మీది మెరుపు పోగొట్టడానికి పోలరైజర్ పెట్టేవాళ్లు నిరాశ పడతారు. నీటి మీదా, ఆకుల మీదా మెరుపును అది తగ్గిస్తుంది గాని, వట్టి లోహం మీద పెద్దగా పనిచేయదు. తెల్ల గుడ్డ అడ్డం పట్టి వెలుగును మెత్తబరిస్తే పని జరుగుతుంది.

స్మిత్ రాక్ కొండల్లో డేగలు, గద్దలు గూళ్లు కడతాయి. ఆ కాలంలో కొన్ని గోడల్ని మూసేస్తారు. ఎక్కేవాళ్లకు వర్తించేది కెమెరా పట్టుకుని వేలాడేవాళ్లకూ వర్తిస్తుంది, డ్రోన్‌కైతే ఇంకా ఎక్కువ. గుడ్లు పొదిగే పక్షి బెదిరి లేచిపోతే ఆ ఏటి సంతానం పోయినట్టే. ఏ ఫొటోకీ అంత విలువ లేదు.

ఫొటో కింద రాసే వాక్యం గురించి కూడా మాట్లాడుకోవాలి. పాత పత్రికల్లో మెచ్చుకున్న క్లైంబింగ్ ఫొటోల్లో చాలావరకు తొలిసారి ఎక్కినప్పటివి కావు. తర్వాత ఒకరోజు ఫొటోగ్రాఫర్ తాడు మీద సిద్ధంగా ఉండగా, అదే కదలికను నాలుగైదు సార్లు చేయించి తీసినవి. తప్పేమీ లేదు, అలా కాకుండా ఆ ఫ్రేములు దొరకవు. తప్పు దాన్ని తొలి ఆరోహణ అని రాయడంలో ఉంది. ఎవరు, ఏ ఏడు, ఏ సందర్భంలో, బోల్టులు పాతవా మార్చినవా అన్న నాలుగు ముక్కలు ఉంటే చాలు. అలాగే చాక్ మరకల్నీ, కొత్త హ్యాంగర్ మెరుపునీ కంప్యూటర్‌లో తుడిచేసి రాతిని 1983 నాటి రాతిలా చేయడం మోసమే. అందరి కళ్లలో పడ్డ రాతి మీద మరకలుంటాయి, వాటినీ చూడనివ్వాలి.

పాత ఫొటో ఒకటి చేతిలో ఉంటే దాన్ని ఎక్కడ నిలబడి తీశారో వెతకడం ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టంగా చేయదగ్గది. స్లైడ్ దొరికితే ముందు దాన్ని జాగ్రత్తగా స్కాన్ చేయాలి. కొడాక్రోమ్ చీకట్లో దాచితే దశాబ్దాల పాటు రంగు నిలుపుకుంటుంది. కానీ స్కానర్లు దుమ్మును వాటంతటవే తీసేసే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి ఆ ఫిల్మ్‌తో సరిగా కుదరదు, చేత్తోనే శుభ్రం చేసుకోవాలి. తర్వాత ఆ ప్రింటు పట్టుకుని కొండ దగ్గరికి వెళ్లి, రాతి అంచు వెనక ఉన్న దూరపు శిఖరంలో ఏ బిందువును తాకుతోందో చూడాలి. అడుగు ఎడమకు వేస్తే అంచు ఒక పక్కకు జరుగుతుంది, కుడికి వేస్తే ఇంకో పక్కకు. ఇలాంటి జతలు రెండు మూడు ఒకేసారి కుదిరిన చోటే పాత కెమెరా ఉన్న చోటు. నీడలు కూడా కుదరాలంటే నెల, గంట చూసుకోవాలి. ఒక్కోసారి వారం ఆగాల్సి వస్తుంది. అన్నీ కుదిరి షట్టర్ నొక్కాక రెండు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, వేలాది చేతులు తాకి నునుపెక్కిన పట్టు, ఎప్పుడో ఊడిపోయిన బొడిపె, కాస్త కిందికో పైకో జరిగిన మూడో బోల్టు ఒక్కొక్కటే బయటపడతాయి.